కరగడం – విడిపోవడం

కరగడం అనే మాటను తెలుగువారు రెండు సందర్భాలలో వాడతారు. ఎండకు మంచుగడ్డ కరుగుతుంది. నీటిలో ఉప్పు కరుగుతుంది. మొదటిదానికి వేడి కావాలి, రెండవదానికి నీరు కావాలి. శాస్త్రం మొదటి మార్పును ద్రవీభవనమనీ, రెండవదాన్ని విలీనమనీ వేరు చేసి చెబుతుంది. లోకవ్యవహారం మాత్రం రెండింటినీ ఒకే క్రియతో చెప్పి ఊరుకొంటుంది. అయితే ఈ రెండు మార్పులూ ఒకే పదార్థంలో, ఒకే ఉష్ణోగ్రత వద్ద, ఒకేసారి జరిగే సందర్భాలు ప్రకృతిలో ఉన్నాయి. అటువంటి పదార్థం కరిగినప్పుడు పూర్తిగా ద్రవంగా మారదు. దానిలో కొంత భాగం ద్రవమవుతుంది, మిగిలిన భాగం మరొక ఘనపదార్థమై అడుగున నిలుస్తుంది.

చలికాలంలో పేరుకొన్న నెయ్యి ఎండ తగలగానే కరుగుతుంది, సాయంత్రానికి మళ్ళీ పేరుకొంటుంది. కొవ్వొత్తి నుండి జారిన మైనం క్షణంలో గడ్డకడుతుంది. ఇటువంటి అనుభవాలను బట్టి, కరగడం వల్ల పదార్థానికి రూపమే మారుతుంది కాని స్వభావం మారదని మానవుడు నమ్ముతూ వచ్చాడు. ఈ నమ్మకం చాలావరకు నిజమే. పూర్తిగా నిజం కాదని చెప్పడానికి అమెరికాలో కట్టిన ఒక ఇంటి చరిత్ర చక్కని నిదర్శనం.

అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో డోవర్ అనే చిన్న ఊరు ఉంది. అక్కడ చలికాలంలో మంచు కురుస్తుంది, రాత్రి ఉష్ణోగ్రత సున్నా డిగ్రీలకు ఎంతో దిగువకు పోతుంది. అటువంటి చోట బొగ్గు గాని, నూనె గాని మండించకుండా, సూర్యరశ్మితోనే వెచ్చగా ఉండే ఇంటిని 1948లో నిర్మించారు. దాని ఉష్ణ వ్యవస్థను రూపొందించిన శాస్త్రవేత్త మరియా టెల్కెస్. ఆమె 1900లో హంగరీ రాజధాని బుడాపెస్టులో జన్మించి, అక్కడే భౌతిక రసాయన శాస్త్రంలో డాక్టరేటు పొంది, తరువాత అమెరికాకు వెళ్ళి స్థిరపడింది. ఇంటికి నమూనా గీసిన వాస్తుశిల్పి ఎలినార్ రేమండ్. ధనసహాయం చేసినది అమీలియా పీబడీ అనే శిల్పి. ఒక సాహసోపేతమైన ప్రయోగాన్ని ఆ కాలంలో ముగ్గురు మహిళలు చేపట్టి సాగించడం విశేషం.

సూర్యరశ్మి పగలు లభిస్తుంది, వెచ్చదనం రాత్రి కావాలి. పగటి వేడిని రాత్రి దాకా దాచడమే ఇక్కడ అసలైన సమస్య. టెల్కెస్ దానికి గ్లాబర్ లవణాన్ని ఎన్నుకొంది. పదిహేడవ శతాబ్దికి చెందిన జర్మన్ రసాయనవేత్త యోహాన్ రుడాల్ఫ్ గ్లాబర్ పేరు మీద ఈ లవణం ప్రసిద్ధి పొందింది. ఇది సోడియం సల్ఫేట్, నీరు కలిసి ఏర్పడిన సమ్మేళనం. దీని స్ఫటికంలో ఒక్కొక్క సోడియం సల్ఫేట్ ప్రమాణానికి పది నీటి అణువులు ఉంటాయి. చూడటానికి పొడిగా, గాజుముక్కల వలె ఉన్నా, దాని బరువులో సగానికి పైగా నీరే.

ఈ లవణం 32.4 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. కరిగేటప్పుడు ఒక్కొక్క కిలోగ్రాముకు సుమారు 250 కిలోజౌళ్ళ వేడిని తనలోకి తీసుకొంటుంది. అంతే బరువున్న నీటిని దాదాపు 60 డిగ్రీల మేరకు వేడిచేయడానికి పట్టే ఉష్ణం అది. గడ్డకట్టేటప్పుడు ఆ వేడినంతటినీ తిరిగి ఇస్తుంది. ధర తక్కువ, విరివిగా దొరుకుతుంది, కరిగే ఉష్ణోగ్రత మనిషికి హాయినిచ్చే వెచ్చదనానికి సమీపంలో ఉంది. ఇన్ని అనుకూలతలున్న పదార్థం మరొకటి దొరకడం కష్టం. డోవర్ ఇంటి దక్షిణ ముఖాన ఉన్న గాజుపలకల వెనుక ఎండకు వేడెక్కిన గాలిని పంకాల సహాయంతో లోపలి అరలలోకి పంపేవారు. ఆ అరలలో, మూసిన డబ్బాలలో, సుమారు 21 టన్నుల గ్లాబర్ లవణం ఉండేది. పగలు లవణం కరిగేది. రాత్రి గడ్డకడుతూ గదులను వెచ్చబరిచేది. ఒక కుటుంబం ఆ ఇంటిలో కాపురం పెట్టింది. పత్రికలు ఆ ఇంటిని గురించి గొప్పగా రాశాయి.

మొదటి చలికాలం సుఖంగా గడిచింది. మూడవ చలికాలం వచ్చేసరికి లవణం తాను దాచుకోవలసిన వేడిని దాచుకోలేకపోయింది. ఇల్లు చల్లబడింది. చివరకు సూర్యతాప వ్యవస్థను తొలగించి, ఇంధనం మండించే పద్ధతినే ఆశ్రయించవలసి వచ్చింది. డబ్బాలలోని లవణం అదే, దానిపై ప్రసరించిన ఎండా అదే. మరి ఏమి మారింది? దీనికి సమాధానం శాస్త్రజ్ఞులు ప్రావస్థా పటం అని పిలిచే చిత్రంలో ఉంది.

ఒక పాత్రలో ఉన్న పదార్థంలో, అంతటా ఒకే గుణాలు కలిగి, హద్దు చేత వేరుపడి కనిపించే భాగాన్ని ప్రావస్థ అంటారు. గ్లాసులోని నీటిపై మంచుముక్క తేలుతూ ఉంటే అక్కడ మంచు ఒక ప్రావస్థ, నీరు మరొక ప్రావస్థ. రెండింటిలో ఉన్నది ఒకే పదార్థం కనుక అది ఏకాంశ వ్యవస్థ. సీసం, తగరం కలిపితే అది ద్వ్యంశ వ్యవస్థ. సోడియం సల్ఫేట్, నీరు కలిసినదీ అటువంటిదే. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు జోసయ్య విల్లర్డ్ గిబ్స్ 1876 నుండి 1878 వరకు ప్రచురించిన తన మహారచనలో, ఇటువంటి వ్యవస్థలలో ఎన్ని ప్రావస్థలు కలిసి ఉండగలవో నిర్ణయించే నియమాన్ని ప్రతిపాదించాడు. దాని ప్రకారం, పీడనం మారకుండా ఉన్నప్పుడు, ద్వ్యంశ వ్యవస్థలో మూడు ప్రావస్థలు కలిసి సమతాస్థితిలో ఉంటే ఉష్ణోగ్రతకు ఎటూ కదిలే స్వేచ్ఛ ఉండదు. మూడింటిలో ఒకటి పూర్తిగా అంతరించేవరకు ఉష్ణోగ్రత అక్కడే నిలిచిపోతుంది.

ప్రావస్థా పటం గీయడం కష్టమైన పని కాదు. అడ్డంగా గీసిన రేఖ మీద రెండు పదార్థాల పాళ్ళను గుర్తిస్తారు. ఎడమ కొసన ఒకటి నూటికి నూరు పాళ్ళు, కుడి కొసన రెండవది నూటికి నూరు పాళ్ళు. నిలువుగా ఉష్ణోగ్రతను గుర్తిస్తారు. ఏ పాళ్ళలో, ఏ వేడి వద్ద ఏ ప్రావస్థలు ఉంటాయో గీతల చేత విభజిస్తారు. ప్రయాణికుడికి దేశపటం ఎంత అవసరమో, లోహకారునికీ రసాయనవేత్తకూ ఈ పటం అంత అవసరం.

మొదట తేలికైన పటాన్ని చూడాలి. సీసం 327 డిగ్రీల వద్ద, తగరం 232 డిగ్రీల వద్ద కరుగుతాయి. ఒకదానిలో మరొకటి కలిపేకొద్దీ కరిగే ఉష్ణోగ్రత రెండు వైపుల నుండీ దిగుతూ వస్తుంది. నూటికి సుమారు 62 పాళ్ళు తగరం, 38 పాళ్ళు సీసం ఉన్నచోట రెండు గీతలూ 183 డిగ్రీల వద్ద కలుస్తాయి. ఆ లోయ అడుగును యూటెక్టిక్ బిందువు అంటారు. రేడియోలు, టీవీలు బాగుచేసేవారు తీగలను అతికించడానికి చిరకాలంగా వాడుతూ వచ్చిన టంకం ఈ పాళ్ళకు దగ్గరగా ఉన్న మిశ్రమమే. విడివిడిగా ఏ లోహమూ కరగని వేడికే అది కరుగుతుంది. కుల్ఫీ తయారుచేసేవారు మంచుముక్కలలో ఉప్పు కలపడం వెనుక ఉన్న రహస్యమూ ఇదే. ఉప్పు, నీరు కలిసిన వ్యవస్థకు యూటెక్టిక్ బిందువు సున్నాకు దిగువన 21 డిగ్రీల వద్ద ఉంది. అందువల్లనే ఉప్పు కలిసిన మంచు కరుగుతూనే మరింత చల్లబడుతుంది.

ఈ ఉదాహరణలలో రెండు పదార్థాలు కలిసి కరిగాయి కాని, కరిగే చోట వాటి నుండి కొత్త సమ్మేళనమేదీ పుట్టలేదు. రెండింటి కలయిక వల్ల నిశ్చితమైన పాళ్ళు గల సమ్మేళనం ఏర్పడితే, పటంలో ఆ పాళ్ళ వద్ద ఒక నిలువు గీత వెలుస్తుంది. ఆ గీత పై కొసన ఏమి జరుగుతుందన్నదే అసలు ప్రశ్న. అది రెండు విధాలుగా ముగుస్తుంది.

మొదటి విధంలో నిలువు గీత ఒక కొండ శిఖరాన్ని తాకి ఆగుతుంది. ఆ శిఖరమే సమ్మేళనపు ద్రవీభవన స్థానం. అక్కడ ఘనంలో ఉన్న పాళ్ళే ద్రవంలోనూ ఉంటాయి. ఇటువంటి కరగడాన్ని సంగత ద్రవీభవనం అనవచ్చు. ఫెర్రిక్ క్లోరైడు, నీరు కలిసి ఏర్పరచే స్ఫటికాలు దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ. గిబ్స్ సిద్ధాంతాన్ని ప్రయోగశాలలోకి తెచ్చిన డచ్చి రసాయనవేత్త రోజెబూమ్ ఈ వ్యవస్థను నిశితంగా పరిశీలించాడు. ఆరు నీటి అణువులున్న ఫెర్రిక్ క్లోరైడు 37 డిగ్రీల వద్ద కరిగితే, వచ్చే ద్రవంలో కూడ ఒక్కొక్క ఫెర్రిక్ క్లోరైడుకు ఆరు నీటి అణువులే ఉంటాయి. చల్లార్చితే పూర్వపు స్ఫటికమే తిరిగి వస్తుంది. నెయ్యి విషయంలో లోకానికి కలిగిన నమ్మకం ఇక్కడ పూర్తిగా నిలుస్తుంది.

రెండవ విధంలో నిలువు గీత శిఖరం దాకా చేరదు. కొండవాలు కిందనే ఒక అడ్డగీత దానికి ఎదురై దారి మూసివేస్తుంది. ఆ ఉష్ణోగ్రత వద్ద సమ్మేళనం రెండుగా విడిపోతుంది. ఒకటి తన పాళ్ళకు భిన్నమైన పాళ్ళు గల ద్రవం, రెండవది మరొక ఘనం. ఇది అసంగత ద్రవీభవనం. వాలు మీద ఆ ద్రవాన్ని సూచించే చోటును పెరిటెక్టిక్ బిందువు అంటారు. గ్లాబర్ లవణం ఈ కోవకు చెందినది.

లెక్క వేసి చూస్తే విషయం స్పష్టమవుతుంది. నూరు కిలోల గ్లాబర్ లవణంలో సుమారు 44 కిలోల సోడియం సల్ఫేట్, 56 కిలోల నీరు ఉంటాయి. లవణం 32.4 డిగ్రీల వద్ద విడిపోగానే ఆ నీరంతా ద్రవమవుతుంది. అయితే ఆ ఉష్ణోగ్రత వద్ద నూరు కిలోల నీరు సుమారు 50 కిలోల సోడియం సల్ఫేట్‌ను మాత్రమే తనలో ఇముడ్చుకోగలదు. కాబట్టి 56 కిలోల నీటిలో ఇమిడేది దాదాపు 28 కిలోలే. మిగిలిన 16 కిలోలు నీరు లేని తెల్లని పొడిగా వెలుపలనే ఉండిపోతాయి. అంటే లవణం కరుగుతూనే తన నీటిలో తాను విలీనమవుతున్నది. ఆ నీరు మాత్రం మొత్తం సల్ఫేట్‌కు చాలడం లేదు. తెలుగులో కరగడమనే ఒకే మాట చెప్పే రెండు అర్థాలూ ఇక్కడ ఒకేచోట కలిశాయి.

మరింత వేడిచేస్తే మిగిలినది కూడ కరుగుతుందని ఎవరికైనా తోస్తుంది. చాలా లవణాల విషయంలో ఈ ఊహ సరైనదే. నీరు లేని సోడియం సల్ఫేట్ స్వభావం దీనికి విరుద్ధం. ఉష్ణోగ్రత 32.4 డిగ్రీలు దాటి కొంతదూరం పెరిగేకొద్దీ అది నీటిలో కరిగే పరిమాణం స్వల్పంగా తగ్గుతూ పోతుంది. మరుగుతున్న నీటిలో కూడ నూరు కిలోలకు సుమారు 42 కిలోలే కరుగుతుంది. అందుచేత ఎండ ఎంత తీవ్రంగా కాచినా డబ్బా అడుగున చేరిన పొడి మాయం కాదు.

వేడి తగ్గినప్పుడు ఈ మార్పు వెనుకకు నడవాలి. ద్రవమూ, పొడీ తిరిగి కలిసి గ్లాబర్ లవణం కావాలి. పటం చెప్పేది ఇదే. అయితే పటం సమతాస్థితిని చెబుతుంది. దానిని చేరడానికి పదార్థాలు ఒకదానినొకటి తాకుతూ ఉండాలి, తగినంత కాలం కావాలి. డబ్బాలో ఇవి రెండూ కరవయ్యాయి. నీరు లేని సోడియం సల్ఫేట్ ద్రవం కంటే దాదాపు రెండింతలు సాంద్రమైనది కనుక అడుగుకు దిగిపోతుంది. రాత్రి చల్లబడుతున్నప్పుడు ఆ మడ్డి పైభాగాన మొదట కొత్త స్ఫటికాలు ఏర్పడి గట్టి పొరగా పరుచుకొంటాయి. పొర కింద పొడి, పొర పైన నీరు. మధ్య గోడ లేచిన తరువాత ఆ రెండూ కలిసే అవకాశం లేదు. పైన మిగిలిన ద్రవం నుండి కొంత లవణం మాత్రమే తిరిగి ఏర్పడుతుంది. మరునాడు మళ్ళీ ఎండ, మళ్ళీ కరగడం, మళ్ళీ కొంత విడిపోవడం. ప్రతిసారీ కొద్దికొద్దిగా జరిగిన నష్టం కాలక్రమంలో పేరుకొంటుంది. డోవర్ ఇంటిని వేధించిన ప్రధాన సమస్య ఇదే.

దీనికి తోడు మరొక చిక్కు కూడ ఉంది. గ్లాబర్ లవణపు ద్రవం 32.4 డిగ్రీలకు దిగువన చల్లబడినా వెంటనే గడ్డకట్టదు. మొదటి స్ఫటికం పుట్టడానికి ఆధారం దొరకక, ద్రవరూపంలోనే ఎన్నో డిగ్రీలు దిగిపోతుంది. గడ్డకట్టకపోతే దాచిన వేడి బయటికి రాదు. ఈ చిక్కుకు టెల్కెస్ కనుగొన్న విరుగుడు తెలుగునాట స్వర్ణకారులందరికీ తెలిసిన వస్తువే. బంగారాన్ని అతికేటప్పుడు వారు వాడే వెలిగారాన్ని నూటికి మూడు నాలుగు పాళ్ళు కలిపితే లవణం సకాలంలో గడ్డకడుతుందని ఆమె 1952లో ప్రకటించింది. వెలిగారపు స్ఫటిక నిర్మాణం గ్లాబర్ లవణపు నిర్మాణానికి సన్నిహితంగా ఉండటం వల్ల, దానిని ఆధారం చేసుకొని కొత్త స్ఫటికాలు పెరుగుతాయి.

వెలిగారం గడ్డకట్టడాన్ని ప్రారంభించగలదు కాని, విడిపోవడాన్ని ఆపలేదు. ఆ పనికి వేరే ఉపాయం కావలసి వచ్చింది. ద్రవాన్ని చిక్కబరిచే మెత్తని బంకమట్టి వంటి పదార్థాలను కలిపితే, పొడి రేణువులు అడుగుకు దిగకుండా ద్రవమంతటా వేలాడుతూ ఉంటాయి. చల్లబడినప్పుడు ప్రతి రేణువు చుట్టూ నీరు అందుబాటులో ఉంటుంది కనుక సమ్మేళనం తిరిగి ఏర్పడటం సులభమవుతుంది. లోతైన డబ్బాలకు బదులు పలుచని పళ్ళాలు వాడటం కూడ ఇందుకు తోడ్పడుతుంది. డోవర్ ఇల్లు విఫలమైనా టెల్కెస్ తన కృషిని విడిచిపెట్టలేదు. డెలావేర్ విశ్వవిద్యాలయం 1973లో నిర్మించిన సౌరగృహంలోనూ వేడిని దాచడానికి లవణాలనే వాడారు. ఆ ప్రయత్నంలో ఆమె పాలుపంచుకొంది. ఆమె 1995లో కన్నుమూసింది. కరుగుతూ, గడ్డకడుతూ వేడిని దాచే పదార్థాలపై పరిశోధన నేటికీ కొనసాగుతూనే ఉంది. ఈ రంగంలో ఏ లవణాన్ని ఎన్నుకొన్నా, అది సంగతంగా కరుగుతుందా, అసంగతంగా కరుగుతుందా అన్నది మొదట వేసుకోవలసిన ప్రశ్న.

ఇంటిగోడల మధ్య నష్టంగా కనిపించిన ఈ గుణమే భూగర్భంలో సృష్టికి కారణమయింది. ఎన్‌స్టటైట్ అనే మెగ్నీషియం సిలికేట్ ఖనిజం 1557 డిగ్రీల వద్ద అసంగతంగా కరుగుతుందని వాషింగ్టన్‌లోని కార్నెగీ సంస్థ భూభౌతిక ప్రయోగశాలకు చెందిన నార్మన్ బోవెన్, ఓలఫ్ ఆండర్సన్ 1914లో వెల్లడించారు. అది కరిగితే ఫోర్‌స్టరైట్ అనే మరొక ఖనిజమూ, కొంచెం ఎక్కువ సిలికా ఉన్న ద్రవమూ ఏర్పడతాయి. దీన్ని వెనుకనుండి చూస్తే, చల్లారుతున్న శిలాద్రవంలో మొదట ఫోర్‌స్టరైట్ స్ఫటికాలు పుడతాయి. అవి ద్రవంతో కలిసి ఉంటే ఎన్‌స్టటైట్‌గా మారతాయి. బరువెక్కువ కనుక అడుగుకు చేరి వేరుపడితే, మిగిలిన ద్రవంలో సిలికా పాలు పెరిగి, దాని నుండి వేరొక జాతి శిల రూపొందుతుంది. ఒకే శిలాద్రవం నుండి భిన్నమైన శిలలు ఎలా పుడతాయో వివరించడానికి బోవెన్ ఇటువంటి వేర్పాటునే ఆధారం చేసుకొన్నాడు. డోవర్ డబ్బా అడుగున చేరిన తెల్లపొడి, భూగర్భంలో వేరుపడిన స్ఫటికం ఒకే నియమానికి లోబడి నడిచాయి.

పటంలో నిలువు గీత శిఖరాన్ని తాకిందా, వాలు కిందనే ఆగిందా అన్నది కాగితం మీద చిన్న భేదం. ఆ భేదం వల్ల ఒక ఇల్లు చల్లబడింది, భూమి మీద శిలలకు వైవిధ్యం కలిగింది. పదార్థం ఏ స్థితికి చేరాలో పటం చెబుతుంది. ఆ స్థితికి చేరే అవకాశం దానికి ఉందా లేదా అన్నది పాత్ర లోతును, గడిచే కాలాన్ని, రేణువుల బరువును బట్టి మనిషి తెలుసుకోవాలి. టెల్కెస్ మొదటి ప్రయత్నంలో ఓడిపోయినా, విడిపోయిన పదార్థాలను ఎడబాయకుండా నిలిపే మార్గాన్ని వెదకడంలోనే ఆమె విజ్ఞానం పరిణతి పొందింది.